మార్చి తొమ్మిదిన ముట్టుకున్న చెయ్యి

ఫోన్ మోగింది. పాస్‌పోర్ట్ ఫోటోలు కత్తిరిస్తున్న రాజకుమారి కత్తెర పక్కన పెట్టి అందుకుంది.

"పోలిరాజు స్టూడియోనా?" హిందీలో అడిగాడు అవతలి మనిషి. కలకత్తా నుంచట. కొత్తగా పెళ్లయింది, వచ్చే నెల పోర్ట్ బ్లెయిర్ వస్తున్నారు, రెండు రోజులు బీచుల్లో ఫోటోలు తియ్యాలి.

"ఈ నంబర్ మీకెవరిచ్చారు?"

"మీ వెబ్‌సైట్లో ఉంది కదా దీదీ. పోలిరాజు గారున్నారా?"

పది నెలలుగా ఆ ప్రశ్నకి ఆమె రకరకాల జవాబులు చెప్పింది. ఊళ్లో లేరంది. ఓడ మీదున్నారంది. ఇప్పుడు మాత్రం ఏమీ చెప్పకుండా ఫోన్ పెట్టేసింది.

ఆ వెబ్‌సైట్ ఇంకా ఉండటానికి వీల్లేదు.

"ఏటా మార్చిలో గడువు పొడిగించాలి రాజీ. లేకపోతే పేరు పోతుంది" అని పోలిరాజు ఎన్నోసార్లు చెప్పాడు. పోర్ట్ బ్లెయిర్‌లో వాళ్లుండే జంగ్లీఘాట్ మొత్తం మీద సొంత వెబ్‌సైట్ ఉన్న మొదటి ఫోటోగ్రాఫర్‌నని అతనికి గర్వం. పాస్‌వర్డ్ అతనికి తప్ప ఎవరికీ తెలీదు. ఇది 2005 అక్టోబర్. మొన్న మార్చిలో గడువు పొడిగించడానికి పోలిరాజు లేడు.

2004 డిసెంబర్ ఇరవై మూడున అతను, బయటివాళ్లకి తప్పనిసరైన పాస్ తీసుకుని, కార్ నికోబార్ దీవికి ఓడెక్కాడు. నికోబారీల క్రిస్మస్ ఫోటోలకి ఏటా వెళ్లేవాడు. చర్చి ముందు ఊరంతా కొత్త బట్టలతో నిలబడితే ఒకే ఫోటోలో పట్టించడం తనకి మాత్రమే వచ్చని చెప్పుకునేవాడు. ఇరవై ఆరో తేదీ ఉదయం సముద్రం ఆ ఊరిని ఊడ్చుకుపోయింది. కెమెరా సంచీతో గట్టు వైపు పరిగెడుతుంటే చూశానని ఒకడన్నాడు. కాదు, చర్చి దగ్గరే ఉన్నాడని ఇంకొకడు. శవం దొరకలేదు.

రాజకుమారి సొరుగులో ఒక కాగితం ఉంది. నా భర్త ఆనాటి సునామీలో చనిపోయాడని నేను ప్రమాణపూర్వకంగా చెబుతున్నాను, అని ఇంగ్లీషులో టైపు చేసిన అఫిడవిట్. కింద సంతకం జాగా ఖాళీ. అది ఇస్తేనే డెత్ సర్టిఫికెట్ వస్తుందని, నవంబర్ ఆఖరులోగా తెచ్చివ్వమని సర్కారు ఆఫీసు గుమాస్తా మెల్లగానే చెప్పాడు. వీధిలో మనుషుల్ని పోగొట్టుకున్నవాళ్లందరూ ఇచ్చేశారు. వాళ్ల మనుషుల పాత ఫోటోలు పెద్దవి చేసి ఇచ్చింది రాజకుమారే. తను మాత్రం సంతకం పెట్టలేదు. ఎక్కడో ఒడ్డున పడి, తల దిమ్మెక్కి, పేరు మర్చిపోయి బతుకుతుంటే? తనే చేతులారా చంపేసినట్టవదూ?

స్టూడియో తలుపు దగ్గరికి వేసి, ఆటో ఎక్కి గోల్ ఘర్ వెళ్లింది.

*

గోల్ ఘర్‌లో మోహన్‌కృష్ణ సైబర్ కేఫ్ నడుపుతున్నాడు. ఆరు కంప్యూటర్లు, ఉపగ్రహం మీదుగా నత్తలా వచ్చే నెట్. పోలిరాజుని భయ్యా అని పిలిచేవాడు.

"అరే దీదీ, బైఠో. చెమటలేంటి అలా?"

ఆమె చెప్పింది. అతను సైట్ పేరు కొట్టాడు. పైనుంచి కిందికి చారలు చారలుగా పేజీ వచ్చింది. హ్యావ్‌లాక్ బీచ్ మీద సూర్యోదయం. కింద పోలిరాజు పేరు, స్టూడియో ఫోన్ నంబర్.

"బందు కాలేదు దీదీ. అంటే ఎవరో పొడిగించారు."

"ఎవరో అంటే?"

"చూద్దాం. పొలం కొంటే రిజిస్ట్రార్ ఆఫీసులో కొన్నవాడి వివరాలుంటాయి కదా, వెబ్‌సైట్ పేరుకి కూడా అలాంటి దస్తావేజు ఉంటుంది. కొన్నవాడి పేరు, అడ్రసు, ఫోన్, ఎప్పుడు కొన్నాడు, గడువు ఎప్పటిదాకా. ఎవరైనా తీసి చూడొచ్చు. దీన్ని హూ ఈజ్ రికార్డంటారు."

రాజకుమారి సంచిలోంచి మడతలుపడ్డ కాగితం తీసింది. 2003లో పేరు కొన్న రోజున పోలిరాజు అదే రికార్డుని ప్రింట్ తీయించి స్టూడియో కౌంటర్ అద్దం కింద పెట్టుకున్నాడు. ఆటో ఎక్కే ముందు దాన్ని ఊడబెరికి తెచ్చింది.

మోహన్‌కృష్ణ నవ్వాడు. "ఇది నా ప్రింటరే దీదీ. భయ్యా ఇక్కడే కూర్చుని ఫారం నింపాడు. చూడు, జంగ్లీఘాట్, వెస్ట్ బెంగాల్!"

"బెంగాల్ ఏమిటి?"

"ఆ ఫారంలో రాష్ట్రాల పేర్లు వరసగా ఉంటాయి, ఒకటి ఎంచుకోవాలి. మన దీవుల పేరు అందులో లేదు. మన పోస్టాఫీసులు బెంగాల్ సర్కిల్ కింద కదా, పిన్‌కోడ్ దానికే సరిపోతుందని వెస్ట్ బెంగాల్ నొక్కాడు. ఇక్కడ అందరూ అదే నొక్కుతారు."

కొత్త రికార్డు తెర మీదకి వచ్చింది. మోహన్‌కృష్ణ ముఖంలో నవ్వు ఆగిపోయింది. ప్రింట్ తీసి పాత కాగితం పక్కన పెట్టాడు. వేలు పెట్టి ఒక్కో వరసా చదివాడు.

కొన్న తేదీ: 2003 మార్చి 14. రెండింటిలోనూ అదే.

మార్చిన తేదీ: 2005 మార్చి 9.

గడువు: 2006 మార్చి 14.

సొంతదారు: పోలిరాజు. అడ్రసు జంగ్లీఘాట్ కాదు. ద్వారకానగర్, విశాఖపట్నం.

వ్యవహారాలు చూసే మనిషి: పాత కాగితంలో పోలిరాజు. కొత్త కాగితంలో ప్రత్యూష. ఇంటిపేరు లేదు. కంపెనీ పేరు రాయాల్సిన చోట ఖాళీ. కింద విశాఖ ఫోన్ నంబర్.

రాజకుమారి ఆ రెండు కాగితాలనూ చాలాసేపు చూసింది.

"మార్చి తొమ్మిది" అంది. "సునామీ అయిన రెండున్నర నెలలకి."

"దీదీ, తొందరపడకు. అప్‌డేట్ అయిందంటే ఎవరో దీన్ని ముట్టుకున్నారని, అంతే. ఎవరు, ఎందుకు అనేది ఇందులో ఉండదు. అడ్రసు కూడా ఎవరు ఏది టైపు చేస్తే అదే. పోలీసొచ్చి సరిచూడడు."

"పాస్‌వర్డ్ మీ భయ్యాకి తప్ప ఎవరికి తెలుసు?"

"నాకు తెలిసినంతవరకు ఎవరికీ తెలీదు. కానీ ఆ సైట్ తయారుచేయించింది మెయిన్‌ల్యాండ్‌లో ఎవరిచేతో కదా. ఈ ప్రత్యూష వాళ్ల మనిషి కావచ్చు. ఫోన్ చేసి అడుగు, పక్కా తెలిసిపోతుంది."

అతను చెప్పింది ఆమెకి వినపడింది. కానీ ఆమె బుర్రలో అప్పటికే ద్వారకానగర్‌లో ఒక ఇల్లుంది. ఇంట్లో ఇద్దరున్నారు.

*

అత్తగారు కాసులమ్మకి చెప్పకూడదనుకుంది. కానీ ఆ ఇంట్లో మిగిలింది ఇద్దరే. ముఖం చూస్తేనే తెలిసిపోతుంది.

"ఏటే, దెయ్యాన్ని సూసినట్టున్నావు?"

చెప్పింది. మార్చి తొమ్మిది, విశాఖపట్నం, ప్రత్యూష. చెప్పి, ముసలమ్మ ఏడుస్తుందని ఎదురుచూసింది.

కాసులమ్మ గబుక్కున లేచి నిలబడింది. "ఆడమనిషా?"

"అవును."

"అయితే బతికే ఉన్నాడే! నా కొడుకు బతికున్నాడే!" చప్పట్లు కొట్టినంత పని చేసింది. "ఆడి బాబూ అంతే. కాకినాడ ఎల్లి రెండేళ్లు రాలేదు. ఆనక ఆడే వొచ్చాడు."

"అత్తా, ఇంకో ఆడదానితో ఉన్నాడంటున్నాను."

"ఉండనీ. సముద్రం లోపలున్నాడా? లేదు గదా!" పెట్టె తెరిచి, అడుగు నుంచి కట్టని చీర ఒకటి తీసింది. "ఇది అట్టుకెళ్లు. ఆ పిల్లకెట్టు. ఆణ్ని నవ్వుతా పంపించమను. తగువులాడకు."

రాజకుమారికి కోపం రావాలి. రాలేదు. తన మనసులో ఉన్నదే ముసలమ్మ పైకి అంది. ఎవరితోనైనా ఉండనీ. ఉంటే చాలు. పెళ్లయిన పన్నెండేళ్లలో ఏనాడూ అనుమానించని మొగుణ్ని ఇప్పుడు అనుమానించాలని ఆమె ఎంత ఆశగా ప్రయత్నిస్తోందో ఆమెకే తెలుసు.

మర్నాడు ఎస్టీడీ బూత్ నుంచి ఆ నంబర్‌కి చేసింది. స్టూడియో ఫోన్ వాడలేదు. ఆ నంబర్ చూస్తే అతను ఎత్తడని.

"హలో?" వయసులో ఉన్న గొంతు.

రాజకుమారి ఆ గొంతు వెనకాల ఇంకెవరి చప్పుడైనా ఉందేమోనని చెవి ఒగ్గింది.

"హలో, ఎవరండీ?"

వెనకాల ఎవరో మగమనిషి నవ్వాడు. నవ్వు చివర చిన్న దగ్గు. పోలిరాజు సిగరెట్లు కాల్చి కాల్చి తెచ్చుకున్నది సరిగ్గా అలాంటి దగ్గే.

ఆమె ఫోన్ పెట్టేసింది. మళ్లీ చేస్తే అతనికి అనుమానం వచ్చి ఇల్లు మారిపోతాడు. మనిషిని ఎదురుగా పట్టుకోవాలి.

విశాఖ ఓడ నెలకొక్కటే. బయల్దేరడానికి ఇంకా ఆరు రోజులుంది. దీవులవాళ్లకిచ్చే ఐలాండర్ కార్డు చూపించి బంక్ క్లాసులో టికెట్ తీసుకుంది. కాసులమ్మ ఇచ్చిన చీరని బయల్దేరే ముందు తీసి మంచం మీదే పెట్టేసింది. అంత పెద్ద మనసు తనకి లేదు.

*

మూడు రాత్రులు, మూడు పగళ్లు. కింది అంతస్తులో వరసగా ఇనప బల్లల్లాంటి పడకలు. చుట్టూ కుటుంబాలు, టిఫిన్ గిన్నెలు, వాంతులు, పేకాట.

పక్క బంక్ మీద ఫెరార్గంజ్ నుంచి వస్తున్న నూకన్న అనే రైతు ఉన్నాడు. కంటి ఆపరేషన్‌కి వెళ్తున్నాడు. "ఒక్కదానివేనా అమ్మా?" అని అడిగాడు.

"అక్కడ మావారున్నారు బాబాయ్."

ఆ మాట నోట్లోంచి ఎంత తేలిగ్గా వచ్చిందో చూసి ఆమే ఆశ్చర్యపోయింది. నూకన్న తల ఊపి, ఎక్కడ ఉద్యోగమని అడిగాడు. ద్వారకానగర్‌లో ఫోటో పనంది. పిల్లలా? లేరు. అప్పుడప్పుడూ వస్తాడా? పని ఎక్కువ. అడిగినకొద్దీ ఆమె చెప్పింది. మూడో రోజుకి ఆ ఇంటికి రెండు గదులు, ఒక బాల్కనీ, బాల్కనీలో తులసి మొక్క కూడా వచ్చేశాయి.

పైకి వెళ్లి డెక్ మీద నిలబడటం మాత్రం ఆమె వల్ల కాలేదు. పది నెలలుగా సముద్రానికి ముఖం తిప్పుకునే బతుకుతోంది. సముద్రం ఒడ్డునే ఉన్న జంగ్లీఘాట్‌లో ఇల్లుండి అలా బతకడం ఎంత కష్టమో అక్కడివాళ్లకే తెలుస్తుంది. ఓడలో కిటికీ లేని బంక్ దొరికినందుకు సంతోషించింది. ప్రత్యూషని మొదట ఏమనాలి? తిట్టాలా? దండం పెట్టాలా? అతను తనని గుర్తుపట్టకపోతే ఏం చెయ్యాలి? గుర్తుపట్టి తలుపేసుకుంటే?

తలుపేసుకున్నా ఫరవాలేదు. తలుపు వెనకాల ఉంటాడు కదా.

*

ద్వారకానగర్‌లో ఆ అడ్రసు ఇల్లు కాదు. మందుల షాపు, దాని పైన జిరాక్స్, ఆ పైన రెండో అంతస్తులో ఒక తలుపు. తలుపు మీద చిన్న బోర్డు: వెబ్ డిజైనింగ్ చేయబడును.

రాజకుమారి మెట్ల మీదే ఆగిపోయింది. ప్రత్యూష సైట్ కట్టినవాళ్ల మనిషి కావచ్చన్న మోహన్‌కృష్ణ మాట ఇప్పుడు బుర్రకెక్కింది.

ఆమె వెనక్కి తిరిగేదే. సరిగ్గా అప్పుడు లోపల్నుంచి నవ్వు. నవ్వు చివర దగ్గు.

తలుపు తోసుకుని లోపలికి వెళ్లింది. మొదటి బల్ల దగ్గర చుడీదార్‌లో ఒక అమ్మాయి. ఇరవై రెండేళ్లుంటాయేమో. ఆమె వెనక పచ్చ తెర వేలాడుతున్న గది. రాజకుమారి ఆ అమ్మాయిని దాటి వెళ్లి తెర లాగేసింది.

బట్టతల, లావుపాటి శరీరం, యాభై దాటిన మనిషి. చేతిలో ఫోన్. ఉలిక్కిపడి చూశాడు.

"ఏమ్మా? ఎవరు కావాలి?"

"ఎవరూ లేరు" అంది రాజకుమారి. తెర మళ్లీ జాగ్రత్తగా వేసింది.

"మా సార్, గణేశ్వరరావు గారు" అంది బల్ల దగ్గరి అమ్మాయి, కొంచెం భయంగా. "కూర్చోండి. మంచినీళ్లు తాగుతారా? ఏ పని మీద వచ్చారు?"

"ప్రత్యూష అంటే..."

"నేనేనండీ."

రాజకుమారి కాగితాలు రెండూ బల్ల మీద పెట్టింది.

"ఓ, పోలిరాజు గారి తాలూకానా!" ఆ అమ్మాయి ముఖం విప్పారింది. "ఏమండీ, ఆయన ఒక్క మెయిల్‌కీ జవాబివ్వరేమిటండీ? నాలుగు పెట్టాను. కొత్త ఫోటోలు పంపితే సైట్లో మారుస్తామని. పోర్ట్ బ్లెయిర్ అంటే మరీ అంత దూరమా?"

"మార్చి తొమ్మిదిన దీని గడువు పొడిగించింది ఎవరు?"

"నేనే."

"ఆయన చెప్పారా?"

"ఆయన చెప్పడమేమిటండీ?" కంప్యూటర్ తెర ఇటు తిప్పింది. పేర్ల వరస. చీరల షాపులు, ఒక కాలేజీ, రొయ్యల కంపెనీ, జ్యోతిష్కుడు, మధ్యలో ఎక్కడో పోలిరాజు. "మార్చిలో గడువయ్యేవి నలభై ఆరున్నాయి. అన్నిటికీ టిక్ పెట్టి ఒకే నొక్కు. ఇటు చూడండి, అన్నిటికీ అదే తేదీ. సైట్ కట్టినవాళ్లకి మూడేళ్లు మేమే పొడిగిస్తామని ముందే ఒప్పందం."

నలభై ఆరు వరసలు. ప్రతి వరస చివరా మార్చి 9.

"పాస్‌వర్డ్?"

"మీ వారిదొకటి, మాదొకటి. మాది అన్నిటికీ ఒకటే."

"అడ్రసు ఎందుకు మార్చావమ్మా?"

"అది నేను చేరిన కొత్తలో. ఫిబ్రవరిలో చేరానండీ. కస్టమర్లందరికీ క్యాలెండర్లు కొరియర్‌లో పంపించమన్నారు. ఆయనది రికార్డులో చూసి జంగ్లీఘాట్, వెస్ట్ బెంగాల్ అని రాశాను. ప్యాకెట్ కలకత్తా మొత్తం తిరిగి వెనక్కొచ్చింది, అలాంటి చోటు లేదని. సార్ తిట్టారు. తప్పుడు అడ్రసు ఉంటే పేరు రద్దు చేసేస్తారని, తాత్కాలికంగా మన ఆఫీసుది పెట్టెయ్యమన్నారు. తర్వాత సైట్ తెరిచి చూస్తే అండమాన్! మరి బెంగాల్ అని ఎందుకు రాశారండీ?"

"ఆ రాష్ట్రాల వరసలో మా దీవుల పేరు లేదు" అంది రాజకుమారి.

"అయ్యో." ఏదో లెక్క వేసుకున్నట్టు ప్రత్యూష కళ్లు కదిలాయి. అండమాన్, డిసెంబర్, జవాబు రాని నాలుగు మెయిళ్లు. గొంతు తగ్గించి అడిగింది. "అక్కా... ఆయన బాగానే ఉన్నారు కదా?"

ఊళ్లో లేరు. ఓడ మీదున్నారు. ద్వారకానగర్‌లో ఉన్నారు, రెండు గదులు, బాల్కనీ. అన్ని జవాబులూ ఆమె నాలుక చివరే ఉన్నాయి. ఎదురుగా ఉన్న పిల్ల వాటిలో ఏది చెప్పినా నమ్ముతుంది కూడా.

"పోయారు" అంది రాజకుమారి. "డిసెంబర్ ఇరవై ఆరున. కార్ నికోబార్‌లో."

ఆ మాట పైకి అనడం అదే మొదటిసారి. గదిలో ఏమీ జరగలేదు. తెర వెనక గణేశ్వరరావు ఫోన్‌లో మళ్లీ నవ్వాడు.

ప్రత్యూష కళ్లు తుడుచుకుంది. ముందు తనే తేరుకుని, ఏదో ఒకటి చెయ్యాలన్నట్టు అడిగింది. "పేరు మీ మీదకి మార్చమంటారా అక్కా? స్టూడియో మీరే చూస్తున్నారు కదా. సొంతదారు మారాలంటే ఆయన మెయిల్ నుంచి ఒప్పుకోవాలి. లేదంటే..." ఆగింది.

"లేదంటే?"

"డెత్ సర్టిఫికెట్ నకలు."

"పంపిస్తాను" అంది రాజకుమారి. "అడ్రసు మాత్రం ఇప్పుడే మార్చు. జంగ్లీఘాట్."

"రాష్ట్రం ఏం పెట్టను?"

ఇద్దరూ తెర మీద ఆ వరస మొదటినుంచి చివరిదాకా చూశారు. దీవుల పేరు ఇంకా లేదు. ఏదైనా పంపాలంటే కొరియర్లో కాకుండా పోస్టులో పంపు, అది చేరుతుందని చెప్పి, రాజకుమారే వెస్ట్ బెంగాల్ చూపించింది.

*

కింద ఎస్టీడీ బూత్. ఇంటికి చేసింది. మొదటి మోతకే కాసులమ్మ ఎత్తింది.

"ఉన్నాడా?"

రాజకుమారి చెప్పింది. అది ఇల్లు కాదని, ఆఫీసని. నలభై ఆరు పేర్లకి ఒకేసారి టిక్ పెట్టారని. వాటిలో మన పేరు ఒకటని. అర్థమవుతుందో లేదో అని రెండుసార్లు చెప్పింది.

"అయితే ఆ పిల్ల ఆడి మనిషి కాదా?"

"కాదత్తా. ఆయన్ని ఎప్పుడూ చూడను కూడా లేదు."

కాసులమ్మ రిసీవర్ చెయ్యి మార్చుకున్న చప్పుడు.

"ఆ కాయితం మీద నేను కూడా ఏలిముద్ర ఎయ్యాలా?" అంది కాసులమ్మ.

"అక్కర్లేదు. నా సంతకం చాలు."

"నేనూ ఏత్తాను. నువ్వొక్కదానివే ఎందుకు సెప్పడం." ముక్కు చీదిన చప్పుడు. "ఓడెప్పుడు?"

"తిరిగెళ్లేది ఇంకా తొమ్మిది రోజులకి."

"తొమ్మిది రోజులు ఆ ఊళ్లో నీకెవరున్నారే?"

ఎవరూ లేరు. స్టేషన్ దగ్గర సత్రంలో మంచం ఒకటి మాట్లాడుకుంది, అంతే. బూత్ బయట ఇద్దరు మనుషులు గడియారం చూసుకుంటూ నిలబడ్డారు.

"ఉంటా మరి, డబ్బులైపోతన్నాయి" అంది ముసలమ్మ.

"పెట్టెయ్యకు అత్తా. ఇంకాసేపు మాట్లాడు."

"ఏటి మాటాడను?"

"ఏదైనా సరే."

కాసులమ్మ ఆలోచించింది. తర్వాత, పొద్దున్న జంగ్లీఘాట్ రేవులో సూర చేపలు దిగాయనీ, రేటు ఎక్కువ చెప్పాడని చేపలమ్మే తాతబ్బాయితో దెబ్బలాడాననీ, ఒక్కదానికి ఎందుకని చిన్న ముక్కే తెచ్చుకున్నాననీ చెప్పడం మొదలెట్టింది. రాజకుమారి రిసీవర్ చెవికి గట్టిగా అదుముకుని, బయటివాళ్ల వైపు వీపు తిప్పి వింటూ నిలబడింది.